విద్యార్థుల భూకంప నమూనా పోటీ: నియమావళి వెనుకనున్న నిర్మాణ శాస్త్రం

వ్యాససంగ్రహం

సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు బాల్సా కర్రతో ఎత్తైన భవనం నమూనాను కట్టి, దానిని కృత్రిమ భూకంపానికి గురిచేసే పోటీ అమెరికాలో ఏటా జరుగుతుంది. ఆ పోటీ నియమావళి నమూనా బలాన్ని నేరుగా కొలవదు. భవన యజమానికి ఏటా మిగిలే ఆదాయంగా మార్చి కొలుస్తుంది. ఆ నియమాల్లో ముఖ్యమైనవాటిని, వాటికి ఆధారమైన నిర్మాణ సూత్రాలను ఈ వ్యాసం వివరిస్తుంది. డబ్బు లెక్క ఎక్కడ ఉపకరిస్తుందో, ఎక్కడ చాలకుండా పోతుందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: భూకంపం, బాల్సా నమూనా, షేక్ టేబుల్, ఆవర్తన కాలం, పార్శ్వచలనం, త్వరణం, వార్షిక ఆదాయం.

1. ఉపోద్ఘాతం

భూకంపాన్ని తట్టుకునే భవనం ఏది అని అడిగితే, కూలిపోనిది అన్న సమాధానం వెంటనే వస్తుంది. ఆ సమాధానం తప్పు కాదు, కానీ చాలదు. కాలిఫోర్నియా కేంద్రంగా 1948 నుంచి పనిచేస్తున్న ఎర్త్‌క్వేక్ ఇంజినీరింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో జరిగే అండర్‌గ్రాడ్యుయేట్ సీస్మిక్ డిజైన్ కాంపిటిషన్ మొత్తం ఈ 'చాలదు' అన్న మాట మీదనే నిలిచి ఉంది. పోటీ నిర్వహణ బాధ్యత ఆ సంస్థలోని విద్యార్థి మండలిది. నియమావళిని ప్రతి సంవత్సరం కొత్తగా ప్రకటిస్తారు. కొలతలు, రుసుములు, ధరలు మారుతుంటాయి. మారనిది లెక్క వేసే పద్ధతి. అందుచేత ఇక్కడ ఏదో ఒక సంవత్సరపు అంకెలకంటె ఆ పద్ధతికే ప్రాధాన్యం ఇవ్వడమైనది.

జట్టుకు ఇచ్చే పని ఇది: ఒక నగరంలో బహుళ అంతస్తుల వాణిజ్య భవనాన్ని రూపొందించాలి. దాని నమూనాను బాల్సా కర్రతో కట్టి తీసుకురావాలి. షేక్ టేబుల్ అనే కంపన వేదిక మీద దానిని బిగించి, తీవ్రత తక్కువగా ఉన్న భూచలనంతో మొదలుపెట్టి మరింత తీవ్రమైన దానితో కుదుపుతారు. దీనికి తోడు మౌఖిక ప్రసంగం, పోస్టరు, భవన సౌందర్యం కూడా పరిశీలనకు వస్తాయి. ఇవన్నీ చివరికి ఒకే ఒక అంకెలోకి చేరతాయి: ఆ భవనం యజమానికి సంవత్సరానికి మిగిల్చే నికరాదాయం.

2. కర్ర, జిగురు, ఉక్కు కడ్డీలు

బాల్సా ఈక్వడార్ ప్రాంతపు చెట్టు. దాని కలప బరువు చాలా తక్కువ. ఘనమీటరుకు సగటున 160 కిలోలు అనుకోవచ్చు. నీటి సాంద్రత 1000 కిలోలు కాబట్టి ఇది దానిలో ఆరోవంతు. అయితే సగటు అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా తీసుకోవాలి. ఒకే దుకాణంలో, ఒకే కొలతతో కొన్న రెండు పుల్లల్లో ఒకటి రెండవదానికి రెట్టింపు బరువు తూగవచ్చు. దృఢత్వం కూడా దాదాపు బరువు వెంటనే పోతుంది. అందుకే అనుభవమున్న జట్లు ప్రతి పుల్లనూ తూచి, బరువును బట్టి వేరుచేసి, గట్టివాటిని కింది అంతస్తుల స్తంభాలకు, తేలికైనవాటిని పైభాగానికి కేటాయిస్తాయి. నియమావళిలో ఎక్కడా రాయని ఈ పని పోటీ ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది.

స్తంభాలకూ దూలాలకూ పనికివచ్చే పుల్ల మందం పావు అంగుళం, అంటే సుమారు 6.4 మిల్లీమీటర్లు దాటకూడదన్నది చాలాకాలం అమలులో ఉన్న నియమం. షియర్ వాల్‌గా వాడే పలక మందానికి వేరే హద్దు ఉంటుంది. జిగురు ఏదైనా వాడవచ్చు గాని, అది అతుకుల దగ్గరే ఉండాలి; పుల్ల పొడవునా పూసి దానిని బలపరచకూడదు. ఈ నిషేధం లేకపోతే పోటీ నిర్మాణ రూపకల్పన నుంచి జిగురు రసాయనశాస్త్రానికి జారిపోయి ఉండేది.

పావు అంగుళపు హద్దు వల్ల విద్యార్థి ముందుగా ఎదుర్కొనేది స్తంభం వంగిపోయే సమస్య. సన్నని స్తంభం నలిగి విరగదు. నిలువు భారానికి పక్కకు వంగి పోతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ చూపినట్లు ఆ వంగే భారం ఆధారం లేని పొడవు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. పొడవును సగం చేస్తే సామర్థ్యం నాలుగింతలవుతుంది. కనుక స్తంభాన్ని లావు చేయలేని చోట మధ్యలో ఒక చిన్న అడ్డుపుల్ల చేర్చడమే దారి. దానికయ్యే బరువు అతి స్వల్పం.

కర్ర ఇంత తేలిక కావడం వల్ల మరొక చిక్కు ఉంది. భూకంప బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో గుణించగా వచ్చేది. ద్రవ్యరాశి లేని నమూనాను ఎంత కుదిపినా అది భూకంపాన్ని పెద్దగా అనుభవించదు. అందుకని నిర్ణీత అంతస్తుల దగ్గర మరలు ఉన్న ఉక్కు కడ్డీలను నట్లు, వాషర్లతో బిగిస్తారు. నిజమైన భవనంలో కాంక్రీటు పలకలు, గోడలు, సామగ్రి, మనుషులు మోపే బరువుకు ఇవి ప్రతినిధులు. కడ్డీ బిగించిన చోటు నుంచే ఆ బలం చట్రంలోకి ప్రవేశిస్తుంది కనుక, అక్కడి దూలం విడిపోతే పైన ఎంత గట్టిగా కట్టినా ఫలితం ఉండదు.

కాలం విషయంలోనూ కొలత మారుతుంది. నమూనా ఒకటికి యాభై నిష్పత్తిలో ఉందనుకుందాం. త్వరణాలను యథాతథంగా ఉంచితే కాలం యాభై వర్గమూలంతో, అంటే సుమారు 7తో కుంచించుకుపోవాలి. 75 మీటర్ల ఎత్తున్న భవనం ఒక పూర్తి ఊగుకు 1.4 సెకండ్లు తీసుకుంటే, దానికి సరిపడే మీటరున్నర నమూనా 0.2 సెకండ్లలో ఊగాలి. షేక్ టేబుల్ మీద గోపురం ఊగుతున్నట్లుగా గాక వణుకుతున్నట్లుగా కనిపించడానికి కారణం ఇదే.

3. ఎత్తైన మొదటి అంతస్తు

కొన్ని సంవత్సరాల నియమావళుల్లో మొత్తం ఎత్తు 60 అంగుళాలు, ఒక్కొక్క అంతస్తు 2 అంగుళాలు, ప్రవేశశాల ఉన్న మొదటి అంతస్తు మాత్రం 4 అంగుళాలు అని నిర్దేశించారు. అలా గరిష్ఠంగా 29 అంతస్తులు వస్తాయి. ఈ నాలుగు అంగుళాల నియమం చూడడానికి అందం కోసం పెట్టినట్లుంటుంది. నిజానికి ప్రశ్నపత్రంలో ఇదే కఠినమైన ప్రశ్న. రెండు చివరలా గట్టిగా బిగించిన స్తంభపు పార్శ్వ దృఢత్వం ఎత్తు ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఎత్తు రెండింతలైతే దృఢత్వం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అదీ అన్నిటికంటె ఎక్కువ బలం మోయవలసిన అంతస్తులో. ఇలాంటి దానిని మెత్తని అంతస్తు అంటారు: పైభాగమంతా ఒక పెట్టెలా కదులుతుంది, కదలిక మొత్తం కింద ఒక్కచోటే పేరుకుంటుంది.

ఇది పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో బహుళ అంతస్తుల నివాస భవనాలు కూలాయి. వాటిలో ఎన్నో, వాహనాలు నిలపడానికి నేల అంతస్తును గోడలు లేకుండా వదిలినవి. ఆ తర్వాత 2002లో వచ్చిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1893, అటువంటి అంతస్తులోని స్తంభాలను, దూలాలను మామూలు లెక్కకు రెండున్నర రెట్లు బలానికి రూపొందించాలని చెప్పింది. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా స్తంభాల మీద నిలబెట్టిన అపార్టుమెంటు కింద కారు నిలిపే పాఠకునికి మెత్తని అంతస్తు అంటే ఏమిటో ఇంతకు మించి వివరించనక్కరలేదు.

జట్లు సాధారణంగా ఈ అంతస్తును ఏటవాలు బ్రేసులతోనో, షియర్ వాల్‌తోనో బిగిస్తాయి. కాని ప్రవేశానికి దారి వదలాలన్న నియమం వాటికి అడ్డువస్తుంది. కుదుపు ఒకే దిశలో ఉంటుంది గదా, ఆ దిశను మాత్రం బలపరిస్తే చాలదా అన్న యుక్తికీ నియమావళి చోటివ్వదు: నమూనాను ఏ దిక్కుగా నిలపాలన్న నిర్ణయం జట్టు చేతిలో ఉండదు.

4. ఒకే ఆసుపత్రి, రెండు భూకంపాలు

కుదుపు సమయంలో ప్రధానంగా రెండే కొలతలు తీస్తారు. ఒకటి, అడుగుభాగంతో పోల్చినప్పుడు పైకప్పు పక్కకు ఎంత జరిగిందన్నది. దీనిని ఎత్తులో శాతంగా చెబుతారు. మీటరున్నర గోపురం పైభాగం 2.25 సెంటీమీటర్లు జరిగితే పార్శ్వచలనం 1.5 శాతం. రెండవది, పైకప్పు దగ్గర నమోదైన గరిష్ఠ త్వరణం. మొదటిది స్తంభాలు, దూలాలు, గోడల నష్టానికి సూచిక. రెండవది భవనంలోని యంత్రాలు, గొట్టాలు, సామగ్రి నష్టానికి సూచిక. కొలత పెరిగేకొద్దీ నష్టం సున్నా నుంచి నూరు శాతానికి నెమ్మదిగా మొదలై, నిట్టనిలువుగా ఎక్కి, మళ్లీ చదునయ్యే వక్రరేఖ వెంట పెరుగుతుంది.

పార్శ్వచలనాన్ని తగ్గిస్తే చాలదా, త్వరణం ప్రసక్తి ఎందుకు? దీనికి లాస్ ఏంజెలెస్ కౌంటీలోని ఆలివ్ వ్యూ ఆసుపత్రి చరిత్రకు మించిన సమాధానం లేదు. 1971 ఫిబ్రవరి 9న శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చేనాటికి ఆ ఆసుపత్రి ప్రధాన భవనం దాదాపు కొత్తది. పై అంతస్తుల్లో గోడలు, కింద స్తంభాలు: సరిగ్గా మెత్తని అంతస్తు. కింది స్తంభాలు భయంకరంగా వాలిపోయాయి; భవనాన్ని తర్వాత కూల్చివేశారు. అదే చోట దానిని తిరిగి కట్టినప్పుడు ఆ తప్పు మళ్లీ జరగరాదని కింద కాంక్రీటు గోడలు, పైన ఉక్కు పలకల గోడలు పెట్టి అత్యంత దృఢంగా నిర్మించారు. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం దానిని పరీక్షించింది. నిర్మాణం చెక్కుచెదరలేదు. కాని పైకప్పు దగ్గర త్వరణం గురుత్వ త్వరణానికి రెండు రెట్లను మించింది. నీటి గొట్టాలు తెగి అంతస్తుల్లోకి నీరు చేరింది. రోగులను ఖాళీ చేయించవలసి వచ్చింది. భూకంపం వచ్చిన రోజున ఒక ఆసుపత్రి చేయవలసిన పనిని అది చేయలేకపోయింది.

మొదటి భవనం అతిగా కదిలి విఫలమైంది. రెండవది దాదాపు కదలకుండా, నేల కుదుపును మరింత పెంచి పైకి పంపి విఫలమైంది. దృఢత్వం పెంచితే పార్శ్వచలనం తగ్గుతుంది, త్వరణం పెరిగే అవకాశం ఉంటుంది, మెత్తబరిస్తే తారుమారవుతుంది. నియమావళి రెండు కొలతలనూ ఒకేసారి అడగడం ద్వారా ఈ చరిత్రనంతా విద్యార్థి ముందు పెడుతున్నది.

ఈ రెంటి మధ్య తూకం భవనం ఆవర్తన కాలం మీద ఆధారపడుతుంది. ద్రవ్యరాశిని దృఢత్వంతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో గుణిస్తే ఆ కాలం వస్తుంది. నమూనాకు సమానమైన ద్రవ్యరాశి 6 కిలోలు, దృఢత్వం మీటరుకు 6000 న్యూటన్లు అయితే కాలం 0.2 సెకండ్లు. దానిని సగం చేయాలంటే దృఢత్వాన్ని నాలుగింతలు చేయాలి. ఏ కాలం మంచిదన్నది నేల కుదుపు స్వభావాన్ని బట్టి ఉంటుంది. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరంలో పూర్వపు సరస్సు అడుగున ఉన్న మెత్తని బంకమట్టి సుమారు 2 సెకండ్ల లయతో ఊగింది. ఆ లయకు దగ్గరగా ఉన్న మధ్యస్థ ఎత్తు భవనాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. వాటి పక్కనే కురచ భవనాలు చాలావరకు నిలిచాయి. పోటీలో భూచలనాలను ముందుగానే ప్రకటించడం వల్ల, వాటి లయను విశ్లేషించి దానికి దూరంగా గోపురాన్ని శ్రుతి చేసుకునే అవకాశం జట్లకు లభిస్తుంది. నిజజీవితంలో ఏ ఇంజినీరుకూ ఇంత సౌకర్యం లేదు.

5. ఆదాయ లెక్క, అది ఆగే చోటు

నికరాదాయం మూడు భాగాలు. అద్దెకిచ్చే అంతస్తు వైశాల్యం మీద వచ్చే వార్షికాదాయం మొదటిది. పై అంతస్తులకు అద్దె ఎక్కువ, కనుక పైకి కట్టాలన్న ఆశ కలుగుతుంది. భూమి ధర, నిర్మాణ వ్యయం రెండవది. భవనం ఆక్రమించే స్థలాన్ని బట్టి భూమి ధర, నమూనా బరువును బట్టి నిర్మాణ వ్యయం లెక్కగడతారు. మూడవది భూకంప నష్టం. దానిని ఆ తీవ్రత గల భూకంపం ఎన్నేళ్లకొకసారి రావచ్చో ఆ సంఖ్యతో భాగించి వార్షిక వ్యయంగా మారుస్తారు. భవన పనితీరును నష్టం, మరమ్మతు కాలం, ప్రాణహాని రూపంలో చెప్పాలన్న ఆలోచన అమెరికాలో 2012లో వెలువడిన ఫెమా పి-58 పద్ధతిలో స్థిరపడింది. పోటీ నియమాలు దానికి విద్యార్థులకు తగిన సంక్షిప్త రూపం అనవచ్చు.

ఊహాజనితమైన అంకెలతో ఒక పోలిక చేద్దాం. రెండు జట్ల భవనాలకూ ఏడాది అద్దె 100. భూమి తాలూకు వార్షిక భాగం 7. భవనం ఆయుష్షు 100 సంవత్సరాలు. చిన్న భూకంపం 50 ఏళ్లకొకసారి, పెద్దది 300 ఏళ్లకొకసారి. మొదటి జట్టు బరువైన, దృఢమైన గోపురం కట్టింది. నిర్మాణ వ్యయం 2300, అంటే ఏడాదికి 23. చిన్న భూకంపంలో నష్టం 5, పెద్దదానిలో 150, ఏడాదికి 0.1, 0.5. మిగిలేది 69.4. రెండవ జట్టు తేలికగా కట్టింది; వ్యయం 1500, ఏడాదికి 15. చిన్న భూకంపంలో నష్టం 100, పెద్దదానిలో 1200. ఏడాదికి 2, 4. మిగిలేది 72.

పెద్ద భూకంపంలో దాదాపు ధ్వంసమైన భవనమే గెలిచింది. దీనిలో అన్యాయమేమీ లేదు. ఎన్నడో వచ్చే నష్టం కోసం ప్రతి ఏడాదీ అతిగా ఖర్చు చేయడం నిజమైన దుబారాయే. చాలామంది యజమానులు ఇలాగే ఆలోచిస్తారు కూడా. ఇప్పుడు అదే రెండవ భవనం పెద్ద భూకంపంలో పూర్తిగా కూలిపోయిందనుకుందాం. భవనం విలువ 1500, లోపలి సామగ్రి 500, తిరిగి కట్టేదాకా మూడేళ్ల అద్దె నష్టం 300, మొత్తం 2300. దీనిని 300తో భాగిస్తే 7.7. మిగిలేది 68.3. నిలిచిన మొదటి భవనానికీ నేలమట్టమైన రెండవ భవనానికీ తేడా కేవలం 1.1. అద్దె లెక్కలో ఒకటి రెండు అదనపు గదులు కలిస్తే ఆ తేడా కూడా మాయమవుతుంది.

లోపలున్న మనుషులు ఈ లెక్కలో లేరు. ఏ విలువ కట్టినా దానిని మూడు వందలతో భాగించాక మిగిలేది అత్యల్పమే. కనుకనే నియమావళి ఇక్కడ గణితాన్ని పక్కనపెట్టి ఒక గీత గీస్తుంది: కూలినట్లు న్యాయనిర్ణేతలు తేల్చిన నమూనాల వరుస, నిలిచినవాటి వరుస ముగిశాకనే మొదలవుతుంది. ఎంత ఆదాయం చూపినా కూలిన గోపురం నిలిచినదానిని దాటలేదు. నియమావళిలో అన్నిటికంటె విలువైన నియమం ఇదేనన్నది ఈ వ్యాసం అభిప్రాయం. నష్టాన్ని ఖర్చుగా చూడటం నేర్పే పోటీ, కూలడం ఖర్చు కాదని కూడా నేర్పాలి. భవన నిర్మాణ ప్రమాణాలు చేసేదీ అదే: యజమాని లెక్క ఏమైనా కావచ్చు, ప్రాణరక్షణకు అవసరమైన కనీస బలం బేరానికి రాదు.

6. ముందుగా చెప్పగలగడం

గోపురం ఎలా ప్రవర్తిస్తుందో కుదుపుకు ముందే జట్టు రాసి ఇవ్వాలి. వాస్తవానికి ఆ అంచనా ఎంత దగ్గరగా ఉంటే అంత అదనపు ప్రయోజనం. బలమైన గోపురం అదృష్టవశాత్తు కూడా కుదరవచ్చు. సరైన అంచనా మాత్రం అలా కుదరదు.

శాప్ 2000 వంటి కంప్యూటరు ప్రోగ్రాములో చట్రాన్ని గీసి విశ్లేషిస్తే ఆవర్తన కాలం సాధారణంగా వాస్తవంకంటె తక్కువ వస్తుంది. అతుకులు సంపూర్ణంగా బిగిసి ఉంటాయని ప్రోగ్రాము అనుకుంటుంది. జిగురు అతుకు కొంత సడలుతుంది. కర్ర దృఢత్వాన్ని పుస్తకం నుంచి తీసుకుంటే తప్పు మరింత పెరుగుతుంది. అందుకే శ్రద్ధగల జట్లు పుల్లలను వంచి పరీక్షించి సొంత విలువలు కట్టుకుంటాయి. పూర్తయిన నమూనా పైభాగాన్ని కొద్దిగా లాగి వదిలి, అది ఎన్నిసార్లు ఊగుతుందో, ఒక ఊగు నుంచి మరొక ఊగుకు ఎంత తగ్గుతుందో కొలుస్తాయి. మొదటిది ఆవర్తన కాలాన్ని, రెండవది శక్తి హరించుకుపోయే వేగాన్ని చెబుతుంది. ఆ రెండు విలువలతో కంప్యూటరు నమూనాను సరిదిద్దాక వచ్చే అంచనాకు విలువ ఉంటుంది.

ఈ కసరత్తు నేర్పలేనిదీ ఒకటుంది. ఉక్కు, సరైన ఊచలు కట్టిన కాంక్రీటు విరగక ముందు సాగుతాయి. ఆ సాగుడులో భూకంప శక్తిని మింగుతాయి. ఆధునిక భూకంప నిర్మాణశాస్త్రం చాలావరకు ఈ గుణం మీద ఆధారపడింది. ఎక్కడ సాగాలో, ఎక్కడ సాగకూడదో ముందే నిర్ణయించి కడతారు. బాల్సా లాగితే సాగదు, పుటుక్కున తెగుతుంది. కనుక పోటీలో గెలిచిన రూపాన్ని నిజమైన భవనానికి నమూనాగా తీసుకోరాదు. నేల స్వభావం, ఒకేసారి రెండు దిశల్లో వచ్చే కుదుపు కూడా ఈ వేదిక మీద కనిపించవు.

అయినా అతుకుల్లో పగుళ్లు మాత్రం ఇక్కడా నిజమే. మొదటి కుదుపు ముగిశాక గోపురం కంటికి యథాతథంగా కనిపించవచ్చు. లోపల కొన్ని అతుకులు వదులై ఉంటాయి. దృఢత్వం 30 శాతం తగ్గిందనుకుంటే 0.20 సెకండ్ల కాలం సుమారు 0.24 అవుతుంది. తీవ్రమైన కుదుపుకు అంచనా కట్టే జట్టు ఈ రెండవ కాలాన్ని తీసుకొని, ప్రకటించిన భూచలనంలో 0.24 సెకండ్ల దగ్గర ఎంత శక్తి ఉందో చూడాలి. కొత్త గోపురం విలువతోనే లెక్క కట్టిన జట్టు ఆ సమయానికి వేదిక మీద లేని భవనానికి అంచనా ఇచ్చినట్లవుతుంది.